చిట్టెలుకల మెదడు సర్జరీకి గ్యాస్ మత్తు పరికరాలు: దేన్ని ఎంచుకోవాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

తలను కదలకుండా పట్టి ఉంచే స్టీరియోటాక్సిక్ ఫ్రేమ్ మీద తల బిగించాక చిట్టెలుక మధ్యలో కదిలినా, ఊపిరి ఆగిపోయినా, చాలామంది ముందు అనుమానించేది మత్తు ద్రవాన్ని ఆవిరిగా మార్చి గ్యాస్‌లో కలిపే వేపరైజర్‌నే. లోపం మాత్రం ఎక్కువసార్లు దాని తర్వాత ఉంటుంది: ట్యూబు చీలిన చోట, ముక్కు మీద మాస్క్ కూర్చున్న తీరులో, వాడిన గ్యాస్‌ని లాగేసే గొట్టంలో. అందుకే మా అభిప్రాయం మొదటే చెబుతున్నాం. వేపరైజర్ సరిగ్గా కాలిబ్రేట్ అయి ఉంటే ఏ రకమైనా ఫర్వాలేదు. బడ్జెట్ తక్కువైతే సర్వీస్ చేసిన పాతది కూడా కొనుక్కోవచ్చు. మాస్క్, గ్యాస్ ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటర్, వ్యర్థ గ్యాస్ తొలగింపు, ఈ మూడింట్లో మాత్రం రాజీ పడకూడదు. కొటేషన్లలో సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: డబ్బంతా యంత్రానికి పోతుంది, మాస్క్ ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ ముక్క అవుతుంది.

ఈ వ్యాసంలో చిట్టెలుక అంటే 25 గ్రాముల మౌస్, ఎలుక అంటే 300 గ్రాముల ర్యాట్. చిట్టెలుక ఒక్కో ఊపిరికి తీసుకునే గాలి సుమారు 0.2 మి.లీ., నిమిషానికి 25 నుంచి 35 మి.లీ. ఎలుకకు నిమిషానికి దాదాపు 200 మి.లీ. కావాలి. ఏ పరికరం ముందుకొచ్చినా ముందు ఈ అంకెలతో పోల్చి చూడండి.

ఇంజెక్షన్ మత్తు సరిపోదా?

ఏడాదికి పది సర్జరీలు, అవీ ఒక్కోటి అరగంటలో ముగిసేవి అయితే కెటమిన్–జైలజిన్ సరిపోతుంది. చిట్టెలుకకు వాడుకలో ఉన్న మోతాదు కిలోకు 80–100 మి.గ్రా. కెటమిన్, 10 మి.గ్రా. జైలజిన్. దాంతో సర్జరీకి పనికొచ్చే గాఢమైన మత్తు అరగంట, మహా అయితే నలభై నిమిషాలు ఉంటుంది. మెదడులోకి జన్యువును మోసుకెళ్లే వైరస్ ఇంజెక్షన్‌కే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది: పుర్రెకి రంధ్రం చేయాలి, నిమిషానికి 100 నానోలీటర్ల చొప్పున ఎక్కించాలి, సూది తీసే ముందు పది నిమిషాలు ఆగాలి, అటు పక్క కూడా అదే పని చేయాలి. మధ్యలో రెండో డోసు ఇస్తే ఎంత లోతుకు వెళ్తుందో చెప్పలేం, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేం. పైగా మన దేశంలో కెటమిన్‌ను 2013 చివర్లో మందుల నియంత్రణ జాబితా షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చాక కొనడానికీ, నిల్వకూ, రిజిస్టర్‌కూ కట్టుబాట్లు పెరిగాయి.

గ్యాస్‌తో నాబ్ తిప్పగానే లోతు మారుతుంది, ఆపిన కొన్ని నిమిషాలకే జంతువు లేస్తుంది. నెలకు నాలుగైదు సర్జరీలు దాటుతున్నాయంటే గ్యాస్‌కు మారడమే మంచిది. ఒక్క జాగ్రత్త: మీ సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదించిన ప్రయోగ దరఖాస్తు ఫారం బి లో ఇంజెక్షన్ మత్తు అని రాసి ఉంటే, యంత్రం వచ్చినంత మాత్రాన వాడేయకూడదు. సవరణకు ఆమోదం తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్

మెదడు సర్జరీకి ఐసోఫ్లురేన్ చాలు. చిట్టెలుకకూ ఎలుకకూ సగం జంతువులు నొప్పికి కదలకుండా ఉండే గాఢత సుమారు 1.3–1.4 శాతం. పెట్టెలో నిద్రపుచ్చడానికి 3–4 శాతం, ఫ్రేమ్ మీద 1–2 శాతం వాడతారు. సెవోఫ్లురేన్‌తో జంతువు తొందరగా పడిపోతుంది, తొందరగా లేస్తుంది, వాసన ఘాటు తక్కువ. కానీ దాదాపు రెట్టింపు శాతం కావాలి కాబట్టి ద్రవం ఎక్కువ ఖర్చవుతుంది, వేపరైజర్ కూడా వేరేది కొనాలి. గంటన్నర సర్జరీలో రెండు నిమిషాలు ముందు లేవడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు.

ఒకదానికి చేసిన వేపరైజర్‌లో రెండోది ఎప్పుడూ పోయకూడదు. 20 డిగ్రీల దగ్గర ఐసోఫ్లురేన్ ఆవిరి పీడనం దాదాపు 240 మి.మీ. పాదరసం, సెవోఫ్లురేన్‌ది 160. సెవోఫ్లురేన్ వేపరైజర్‌లో ఐసోఫ్లురేన్ పోస్తే నాబ్ చూపేదానికంటే చాలా ఎక్కువ వస్తుంది. ఐసోఫ్లురేన్ బలమైన మందు కూడా కావడంతో జంతువు నిమిషాల్లో చనిపోవచ్చు. ఈ పొరపాటుకు తావు లేకుండా కీ-ఫిల్ రకం వేపరైజర్ కొనండి: ఐసోఫ్లురేన్ తాళానికి ఊదా రంగు, సెవోఫ్లురేన్‌కు పసుపు, ఒకటి ఇంకోదానిలో దూరదు. మూత విప్పి పోసే గరాటు రకం చవక, కానీ పోసేటప్పుడు ఆవిరి మొహానికే కొడుతుంది.

వేపరైజర్: పాత పద్ధతా, డిజిటలా, ఆసుపత్రి బాయిల్స్ మెషినా?

ముందు కొనకూడనిది చెబుతాం. సీసాలో దూది, దాని మీద ఐసోఫ్లురేన్, లోపలికి గాలి ఊదే గొట్టం: ఈ ఏర్పాటు ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. మూసిన సీసాలో 20 డిగ్రీల దగ్గర ఐసోఫ్లురేన్ ఆవిరి 32 శాతం దాకా చేరుతుంది, 25 డిగ్రీలకు 39 శాతం, ఏసీ ఆగిన మే నెల మధ్యాహ్నం 30 డిగ్రీలకు 48 శాతం. మనకు కావలసింది 1.5. ఊదే గాలి కొంచెం తగ్గినా, గది కొంచెం వేడెక్కినా ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మెదడు తెరిచి ఉన్న జంతువును దీని మీద ఉంచకూడదు.

సంప్రదాయ వేపరైజర్, అంటే టెక్ 3 కుటుంబం లాంటిది, వచ్చే గ్యాస్‌ని రెండు పాయలుగా చీలుస్తుంది. ఒక పాయ ద్రవం మీదుగా పోయి ఆవిరి మోసుకొస్తుంది, రెండోది నేరుగా పోతుంది, చివర రెండూ కలుస్తాయి. ఉష్ణోగ్రత మారితే లోపలి లోహపు పట్టీ పాయల నిష్పత్తిని సరిచేస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, దశాబ్దాల పాటు పని చేస్తుంది, విడిభాగాలు, సర్వీస్ చేసేవాళ్లు దొరుకుతారు. బలహీనత ఒకటుంది: నిమిషానికి 250 మి.లీ. కంటే తక్కువ ప్రవాహంలో బరువైన ఆవిరి సరిగ్గా పైకి లేవక, నాబ్ చూపిన శాతం కంటే తక్కువ వస్తుంది. చిట్టెలుకకు గ్యాస్ ఆదా చేద్దామని 100 మి.లీ.కి తగ్గించి, నాబ్ 2 మీద ఉన్నా కదులుతోందేమిటని ఆశ్చర్యపోయేవాళ్ల సమస్య ఇదే. ఇలాంటి వేపరైజర్‌తో చిట్టెలుకకైనా 400–500 మి.లీ. పెట్టండి.

డిజిటల్ రకంలో ద్రవం సిరంజిలో ఉంటుంది. పంపు దాన్ని కొలిచి గాలిలోకి కొంచెం కొంచెంగా ఎక్కిస్తుంది. కెంట్ సైంటిఫిక్ వారి సోమ్నోసూట్ ఈ తరహాదే. నిమిషానికి 100 మి.లీ. ప్రవాహంలోనూ కచ్చితంగా ఇవ్వడం, గది గాలినే వాడగల పంపు లోపలే ఉండడం దీని బలాలు. సిలిండర్ లేని గదిలో, ఇమేజింగ్ కోసం అటూ ఇటూ తిప్పే బల్ల మీద ఇది చాలా సుఖం.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ద్రవం ఆదా గురించి. లెక్క మీరే వేసి చూడండి. ఒక మిల్లీలీటరు ఐసోఫ్లురేన్ ద్రవం నుంచి సుమారు 195 మి.లీ. ఆవిరి వస్తుంది. కాబట్టి గంటకు అయ్యే ద్రవం, మిల్లీలీటర్లలో, దాదాపు మూడు ఇంటూ లీటర్లలో ప్రవాహం ఇంటూ శాతం. సంప్రదాయ యంత్రం 0.5 లీటర్ల దగ్గర 1.5 శాతం ఇస్తే గంటకు 2.3 మి.లీ. డిజిటల్ 0.1 లీటర్ దగ్గర అదే శాతానికి 0.46 మి.లీ. వారానికి ఆరు గంటల సర్జరీ చొప్పున ఏడాదికి మూడొందల గంటలు అనుకుంటే 690 మి.లీ., 138 మి.లీ. తేడా 250 మి.లీ. సీసాలు రెండు, మరి కాస్త. ఆ రెండు సీసాల కోసం యంత్రం మార్చాల్సిన పని లేదు. అసలు ఆదా గదిలోకి వదిలే ఆవిరిలోనూ, వాడిన ఆవిరిని పట్టే చార్కోల్ (బొగ్గు) డబ్బాల్లోనూ ఉంటుంది, ఆ సంగతి కిందకు వస్తుంది. ఎదురుగా పెట్టాల్సిన నష్టాలు కూడా ఉన్నాయి: కరెంటు పోతే ఆగుతుంది కాబట్టి యూపీఎస్ తప్పనిసరి, సిరంజి మధ్యలో అయిపోతే మార్చేదాకా మత్తు తగ్గుతుంది, ఎలక్ట్రానిక్స్ చెడితే కంపెనీ ఇంజినీరు కోసం ఎదురుచూడాలి. ఎలుకల మీద రోజంతా పని చేసే ల్యాబ్‌కు దాని ప్రధాన లాభం సగానికి తగ్గిపోతుంది, ఎందుకంటే ఎలుకకు ఎలాగూ ప్రవాహం పెంచాలి.

ఎత్తు ప్రభావం గురించి ఒక మాట, దక్కన్ పీఠభూమి మీద ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం విశాఖపట్నంతో పోలిస్తే ఆరు శాతం దాకా తక్కువ. మెదడు మీద పని చేసేది శాతం కాదు, ఆవిరి పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆవిరి వాటా. సంప్రదాయ వేపరైజర్ తనంతట తానే దాన్ని దాదాపు సముద్ర మట్టంలాగే నిలబెడుతుంది. సిరంజి రకం శాతాన్నే నిలబెడుతుంది కాబట్టి హైదరాబాద్‌లో 1.5 పెడితే విశాఖలో 1.4 పెట్టినట్టు. సర్జరీకి ఇది చిన్న విషయం. రెండు ఊళ్ల ల్యాబ్‌లు కలిసి రికార్డింగ్ డేటా పోల్చేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి.

మెడికల్ కాలేజీల్లో ఖాళీగా పడి ఉన్న, మనుషులకు మత్తిచ్చే బాయిల్స్ మెషిన్‌ని ల్యాబ్‌కు తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. దాని మీది ఐసోఫ్లురేన్ వేపరైజర్ పనికొస్తుంది, మిగతాది పనికిరాదు. మనుషుల సర్క్యూట్లోని కవాటాలను, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే సోడా లైమ్ డబ్బాను చిట్టెలుక ఊపిరి కదిలించలేదు. ఎలుకలకూ చిట్టెలుకలకూ ఎప్పుడూ తిరిగి పీల్చని ఏర్పాటే ఉండాలి: తాజా గ్యాస్ వస్తుంది, వదిలిన గ్యాస్ బయటకు పోతుంది. ఆ మెషిన్ మీది ఆక్సిజన్ ఫ్లష్ బటన్ నిమిషానికి 35 లీటర్లకు పైగా ఊదుతుంది, బిగుతు మాస్క్ పెట్టిన చిట్టెలుక ఊపిరితిత్తులు పగలడానికి అది చాలు. వేపరైజర్‌ని విడదీసి తెచ్చుకోండి, సర్వీస్ చేయించి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త ఫ్లోమీటర్‌తో స్టాండ్ మీద బిగించండి. తక్కువ బడ్జెట్‌లో మేం చూసిన దారుల్లో ఇదే మేలైనది. బిగించేటప్పుడు లోపలికి, బయటకు అనే గుర్తులు చూసుకోండి, తిరగేసి బిగిస్తే నాబ్ చూపేదానికంటే ఎంతో ఎక్కువ వస్తుంది. ద్రవం ఉండగా పక్కకు ఒరిగిన వేపరైజర్‌ని అలాగే వాడకండి. ద్రవం నేరుగా పోయే పాయలోకి చేరి ఉంటుంది. తయారీదారు చెప్పినట్టు ఖాళీ చేసి, జంతువు లేకుండా ఎక్కువ ప్రవాహంతో ఇరవై ముప్ఫై నిమిషాలు శుభ్రం చేశాకే మళ్లీ వాడాలి.

గ్యాస్ ఎక్కడి నుంచి?

సిలిండర్ నిశ్శబ్దంగా ఉంటుంది, కరెంటు అడగదు, ఒత్తిడి నిలకడగా ఉంటుంది. బి-టైప్ సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి అర లీటరు చొప్పున యాభై గంటలు. జంబో డి-టైప్‌లో 7,000 లీటర్లు. రెగ్యులేటర్ కొనేముందు సిలిండర్ కవాటం బుల్‌నోసా, పిన్ ఇండెక్సా చూసుకోండి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. సిలిండర్‌ని గోడకు గొలుసుతో కట్టండి. ఆసుపత్రి వార్డులో రెగ్యులేటర్‌తో పాటు వచ్చే నీటి సీసాను మాత్రం తీసేయండి. ఆ తడి వేపరైజర్‌లోకి పోకూడదు.

గది గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసే కాన్సంట్రేటర్ దాదాపు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది, సిలిండర్ల మోత తప్పుతుంది. ఐదు లీటర్ల యంత్రం చిట్టెలుకలకు ధారాళంగా చాలు. కానీ దాని బయటి ఒత్తిడి తక్కువ. పొడవైన సన్నటి ట్యూబులు, మూడు నాలుగు కవాటాలు దాటించాల్సి వస్తే ప్రవాహం పడిపోతుంది. ప్రవాహాన్ని బాగా తగ్గిస్తే కొన్ని మోడళ్లు అలారం మోగిస్తాయి. డెమోకు తెప్పించి, మీ ఫ్లోమీటర్‌తో, మీ ట్యూబులతో కలిపి రెండు గంటలు నడిపాకే ఆర్డర్ ఇవ్వండి.

శుద్ధ ఆక్సిజనా, గది గాలా అన్నది మెదడు పరిశోధకులకు వేరే కోణంలో ముఖ్యం. శుద్ధ ఆక్సిజన్‌తో రక్తంలో ఆక్సిజన్ పడిపోతుందన్న భయం ఉండదు, ఊపిరి కొంచెం మందగించినా జంతువు తట్టుకుంటుంది. అయితే మెదడు రక్తనాళాలు కుంచించుకుపోతాయి. రక్త ప్రవాహం, ఇమేజింగ్ కొలిచేవాళ్లకు అది ఫలితాన్నే మారుస్తుంది. గది గాలితో బోర్లా పడుకోబెట్టిన జంతువుకు ఆక్సిజన్ చాలక పాదాల గులాబీ రంగు తగ్గడం కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్ అమర్చడం, వైరస్ ఎక్కించడం వరకే అయితే ఆక్సిజన్ వాడండి. కొలతలు తీసేవాళ్లు 30–40 శాతం మిశ్రమం పెట్టుకోండి. రక్తం ఆపడానికి కాటరీ (వేడితో కాల్చే పరికరం) వాడే అలవాటుంటే ఆక్సిజన్ పక్కన నిప్పు ప్రమాదం నిజమైనదే. తల దగ్గర బొచ్చు, స్పిరిట్ తడి, మాస్క్ నుంచి కారే ఆక్సిజన్ మూడూ ఒక్కచోట ఉంటాయి. కాటరీకి బదులు చల్లటి సెలైన్, రక్తం ఆపే స్పాంజి జెల్‌ఫోమ్ వాడితే ఆ చిక్కు లేదు.

ఫ్లోమీటరూ, చీలికా

వార్డుల్లో ఉండే 0–15 లీటర్ల ఫ్లోమీటర్ మీద అర లీటరు గీత చదవలేం. 0–1 లీటర్ లేదా 0–2 లీటర్ల గొట్టం కావాలి, గుండు నిటారుగా తిరగాలి. ధర తక్కువే, అయినా ఎక్కువ సెట్లలో తప్పుగా వచ్చేది ఇదే.

వేపరైజర్ తర్వాత ట్యూబు రెండుగా చీలుతుంది, ఒకటి నిద్రపుచ్చే పెట్టెకు, ఒకటి ఫ్రేమ్ మీది మాస్క్‌కు. మామూలు వై-ముక్క పెడితే గ్యాస్ అడ్డంకి తక్కువున్న వైపే పోతుంది, అంటే పెద్ద గొట్టం ఉన్న పెట్టెలోకి. మాస్క్ దగ్గర ఏమీ రాక చిట్టెలుక లేస్తుంది. ఒక్కో శాఖకు పూర్తిగా మూసే కవాటం ఉండాలి. రెండూ ఒకేసారి తెరవాలంటే ఒక్కో శాఖకు విడి ఫ్లోమీటర్ ఉండాలి. అప్పుడు కూడా ఒక ఇబ్బంది మిగులుతుంది: ఒకే వేపరైజర్ కాబట్టి రెండు శాఖలకూ ఒకే శాతం. ఫ్రేమ్ మీద 1.5 శాతంలో ఒక జంతువు ఉండగా పెట్టెలో తర్వాతిదాన్ని 4 శాతంతో నిద్రపుచ్చలేరు. ఇద్దరు పక్కపక్కనే సర్జరీలు చేసే ల్యాబ్, మాస్క్‌లు నాలుగు ఉన్న ఒక యంత్రం కొనడం కంటే వేపరైజర్లు రెండు కొనడం మేలు.

నిద్రపుచ్చే పెట్టె

చిన్నది కొనండి, ఇంతకు మించి చెప్పాల్సింది తక్కువ. పెట్టెలో గాఢత 95 శాతం మేర చేరడానికి పట్టే సమయం, దాని ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగించి మూడుతో హెచ్చిస్తే వస్తుంది. ఒక లీటరు పెట్టెకు నిమిషానికి లీటరు ఇస్తే మూడు నిమిషాలు. అదే ప్రవాహానికి మూడు లీటర్ల పెట్టె అయితే తొమ్మిది నిమిషాలు, చిట్టెలుక అంతసేపు సగం మత్తులో తన్నుకుంటుంది. చిట్టెలుకకు అర లీటరు నుంచి లీటరు, ఎలుకకు మూడు నుంచి ఐదు లీటర్లు సరిపోతాయి, ఎలుక పెట్టెకు ప్రవాహం పెంచుకోవాలి. మూత తెరిచే ముందు వేపరైజర్ ఆపి ఆక్సిజన్‌తో లోపలి ఆవిరిని బయటి గొట్టంలోకి తోసేయడానికి వీలుండాలి. యాక్రిలిక్ పెట్టెను స్పిరిట్‌తో తుడవకండి, సన్నటి పగుళ్లు వచ్చి కొన్నాళ్లకు మూలల్లో లీకవుతుంది. సబ్బు నీళ్లు చాలు.

మాస్క్

సర్జరీ సాఫీగా జరుగుతుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. స్టీరియోటాక్సిక్ మాస్క్ ఒకేసారి నాలుగు పనులు చేయాలి: పై పళ్లు బైట్ బార్ (పళ్లను పట్టే కడ్డీ) రంధ్రంలో కూర్చోవడానికి దారి ఇవ్వాలి, ముక్కు చుట్టూ గ్యాస్ నింపాలి, వదిలిన గ్యాస్‌ని వెనక్కి లాగాలి, డ్రిల్లుకూ మైక్రోస్కోపుకూ అడ్డం రాకూడదు. ఈ జంతువులు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి, నోటితో తీసుకోలేవు. ముక్కు మీది పట్టీని తల కదలకుండా ఉండాలని గట్టిగా బిగిస్తే దానితోనే ఊపిరి ఆగుతుంది. ముక్కు పట్టీ పని తలను స్థిరంగా ఉంచడం కాదు, ఆ పని చెవుల దగ్గర బిగించే ఇయర్ బార్లదీ బైట్ బార్‌దీ.

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు తరహాలు. మొదటిది తెరిచిన గరాటు: చవక, లోపలికి ఒక్క ట్యూబు, బయటకు దారి లేదు, పొంగిన ఆవిరంతా సర్జరీ చేసేవాళ్ల ముక్కు కిందే. మైక్రోస్కోపు మీదకు వంగి గంటన్నర పనిచేసేవాళ్లకు ఇది పనికిరాదు. రెండోది రబ్బరు పొర ఉన్నది: పొరలోని రంధ్రంలోంచి ముక్కు దూరుతుంది, లీకు తక్కువ. కానీ పొర చిరుగుతుంది. రంధ్రం చిన్నదైతే ముక్కు నొక్కుకుంటుంది, పెద్దదైతే పొర ఉన్నా లేనట్టే. విడి పొరలు పది కలిపి కొనాలి. మూడోది జంట గొట్టాల మాస్క్: లోపలి గొట్టంలో తాజా గ్యాస్ వస్తుంది, చుట్టూ ఉన్న బయటి గొట్టం వ్యర్థాన్ని లాగుతుంది. ఎక్కువ ల్యాబ్‌లకు మేం సూచించేది ఇదే. కోఫ్, స్టోల్టింగ్, నరిషిగే, ఆర్‌డబ్ల్యుడీ లాంటి ఫ్రేమ్ తయారీదారులు తమ ఫ్రేమ్‌లకు సరిపడే మాస్క్‌లు అమ్ముతారు. ఒక కంపెనీ మాస్క్ ఇంకో కంపెనీ బైట్ బార్ మీద కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు, కడ్డీ మందం అడిగి కొనండి.

మీరు పనిచేసే మెదడు భాగం ఏదో మాస్క్ ఎంపికను నిర్ణయిస్తుంది. హిప్పోక్యాంపస్, సెరెబెల్లమ్ లాంటి వెనకటి భాగాలకైతే మాస్క్ ఎత్తు గురించి బెంగ లేదు. చిట్టెలుకలో వాసన పసిగట్టే ఆల్‌ఫాక్టరీ బల్బులు బ్రెగ్మాకు (పుర్రె ఎముకలు ముందువైపు కలిసే గుర్తు) 4–5 మి.మీ. ముందు, దాదాపు కళ్ల మధ్య ఉంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లకు మాస్క్ పైభాగం పల్చగా, వెనక అంచు కళ్ల దాకా రాకుండా ఉండాలి. మెదడు ముందు భాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు వాలుగా సూది దించేవాళ్లకూ ఇదే సమస్య. కొనేముందు మాస్క్ పొడవు, ఎత్తు మిల్లీమీటర్లలో అడిగి, పుర్రె బొమ్మ మీద పెట్టి గీసి చూడండి.

ఇంకో సూక్ష్మమైన విషయం ఉంది. బ్రెగ్మానీ, ఎముకలు వెనకవైపు కలిసే గుర్తయిన లాంబ్డానీ సమం చేయడానికి బైట్ బార్‌ని పైకీ కిందకీ జరుపుతాం. మాస్క్ బైట్ బార్‌తో పాటే కదిలే రకమైతే సరే. విడిగా స్టాండుకు బిగించినదైతే తల సమం చేసిన ప్రతిసారీ ముక్కు జారి బయటకొస్తుంది, పచ్చటి డ్రేప్ కింద అది కనపడదు. పది నిమిషాల తర్వాత మీసాలు కదిలితే తెలుస్తుంది. ఇయర్ బార్లు ఎత్తుగా పెట్టి ముక్కు కిందకు వంచినా మెడ ముడుచుకుని శ్వాసనాళం నొక్కుకుంటుంది. అప్పుడు గ్యాస్ ఎంత ఇచ్చినా లాభం లేదు, ఛాతీ లోపలికి గుంజుకుపోతూ కనిపిస్తుంది.

డిజిటల్ వేపరైజర్‌తో తక్కువ ప్రవాహం వాడాలనుకునేవాళ్లు వదులు మాస్క్‌తో ఆ యంత్రాన్ని వృథా చేసుకుంటున్నారు. 0.5 లీటర్ల ప్రవాహం మాస్క్‌లోని ఖాళీని క్షణంలో కడిగేస్తుంది కాబట్టి వదులుగా ఉన్నా నడుస్తుంది. 0.1 లీటర్ దగ్గర గది గాలి కలిసి గాఢత సగమవుతుంది. తక్కువ ప్రవాహానికి బిగుతైన పొర మాస్క్ తప్పదు. త్రీడీ ప్రింటర్‌లో సొంతంగా చేసుకునే మాస్క్‌లు ఆకారం ప్రయత్నించి చూడడానికి బాగుంటాయి. రోజువారీ వాడకంలో మాత్రం పొరల మధ్య సందుల్లోంచి గ్యాస్ కారుతుంది, రక్తమూ బొచ్చూ పట్టి శుభ్రం కావు.

వ్యర్థ గ్యాస్: చార్కోల్ డబ్బా చాలా?

ఐసోఫ్లురేన్ ఆవిరి గాలి కంటే ఆరు రెట్లకు పైగా బరువు. బల్ల మీద నుంచి కిందకు దిగి పేరుకుంటుంది. 1977లో అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇలాంటి హాలోజన్ మత్తు ఆవిర్లకు సిఫార్సు చేసిన హద్దు 2 పీపీఎమ్, అంటే పది లక్షల భాగాల్లో రెండు. గదిలో తియ్యటి ఘాటు వాసన తెలుస్తోందంటే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. తలనొప్పితో బయటకొచ్చే విద్యార్థి అలసిపోయాడని సరిపెట్టకండి, మాస్క్ చూడండి.

చార్కోల్ డబ్బాకు ట్యూబు తగిలించి వదిలేయడం నిద్రపుచ్చే పెట్టెకు సరిపోతుంది, ఎందుకంటే పెట్టె మూసి ఉంటుంది, గ్యాస్‌కు వేరే దారి లేదు. తెరిచిన మాస్క్‌కు ఇది పనిచేయదు. గ్యాస్ చార్కోల్ అడ్డంకిని దాటడం కంటే ముక్కు పక్క సందులోంచి పోవడమే సులువు. మాస్క్‌కు ఫ్యాన్‌తోనో, గోడ వాక్యూమ్‌తోనో లాగే ఏర్పాటు ఉండాలి. లాగుడు లోపలికి వచ్చే ప్రవాహం కంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు. మరీ ఎక్కువైతే ముక్కు చేరకముందే గ్యాస్‌ని లాగేసి జంతువును లేపుతుంది. అందుకని లాగే గొట్టానికి కూడా ఒక సర్దుబాటు కవాటం పెట్టించండి. దాన్ని సరిచేసేటప్పుడు జంతువు పాదం గిల్లి చూస్తూ, ఊపిరి లెక్కపెడుతూ కొద్దికొద్దిగా తిప్పాలి. ఊపిరి నిమిషానికి 50 కంటే తగ్గి, ఒక్కో ఊపిరికి ఒళ్లు ఎగిరిపడుతుంటే మత్తు ఎక్కువైందని గుర్తు.

డబ్బాను కొత్తగా ఉన్నప్పుడే తూకం వేసి బరువు, తేదీ దాని మీదే రాయండి. వాడుకలో ఎక్కువగా ఉన్న డబ్బాలను 50 గ్రాములు పెరగగానే మార్చాలి. యాభై గ్రాములంటే దాదాపు 33 మి.లీ. ద్రవం. పై లెక్క ప్రకారం ఏడాదికి 690 మి.లీ. వాడే సంప్రదాయ యంత్రానికి ఇరవైకి పైగా డబ్బాలు, డిజిటల్‌కు నాలుగైదు. డబ్బా అడుగున ఉన్న రంధ్రాలు మూసుకుపోకుండా నిలబెట్టాలి. నైట్రస్ ఆక్సైడ్‌ని చార్కోల్ పట్టుకోదు.

ఎవరికి ఏది

చిట్టెలుకలు మాత్రమే, ఒక ఫ్రేమ్, సిలిండర్ పెట్టే చోటు లేదు, చేతిలో డబ్బుంది: డిజిటల్ యంత్రం, పొర మాస్క్, యూపీఎస్. చిట్టెలుకలూ ఎలుకలూ రెండూ, వారానికి మూడు నాలుగు రోజుల పని: సంప్రదాయ కీ-ఫిల్ వేపరైజర్, ఆక్సిజన్ సిలిండర్, రెండు శాఖలకూ విడి ఫ్లోమీటర్లు, రెండు సైజుల జంట గొట్టాల మాస్క్‌లు, ఫ్యాన్‌తో లాగే ఫిల్టర్. విశ్వవిద్యాలయ ల్యాబ్, చిన్న గ్రాంటు: సర్వీస్ చేసిన పాత వేపరైజర్, కొత్త 0–1 లీటర్ ఫ్లోమీటర్, లీటరు పెట్టె, మిగిలిన డబ్బంతా మాస్క్‌కూ లాగే ఏర్పాటుకూ. రక్తప్రవాహమో, రెండు ఫోటాన్ల ఇమేజింగో చేసేవాళ్లు గాలి–ఆక్సిజన్ కలిపే మిక్సర్‌ని మొదటి రోజే కొటేషన్‌లో చేర్చండి, తర్వాత అమర్చడం ఖరీదు.

గుద నాళంలో ప్రోబ్ పెట్టి 37 డిగ్రీల దగ్గర నిలిపే వేడి ప్యాడ్ ఏ సెట్‌లోనైనా ఉండాల్సిందే. ఐసోఫ్లురేన్ మీద చిట్టెలుక నిమిషాల్లోనే చల్లబడుతుంది, చల్లబడిన జంతువుకు అదే శాతం మరీ ఎక్కువవుతుంది. మనుషుల పల్స్ ఆక్సీమీటర్ నిమిషానికి 400–600 సార్లు కొట్టుకునే గుండెను చదవలేదు, దానికి డబ్బు పెట్టకండి. ఐసోఫ్లురేన్ నిద్రలో ఉంచుతుందే తప్ప లేచాక నొప్పి తగ్గించదు. బ్యుప్రెనార్ఫిన్, మెలాక్సికామ్ ముందే ఇవ్వాలి, బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చాక గ్యాస్ శాతం తగ్గించుకోవాలి.

కొటేషన్‌లో రాయించాల్సినవి, వచ్చాక చూడాల్సినవి

వేపరైజర్‌కు ఒక్క ప్రవాహం దగ్గర కాకుండా మీరు వాడబోయే ప్రవాహాల దగ్గర, అంటే 0.3, 0.5, 1 లీటర్ల దగ్గర 1, 2, 4 శాతాల్లో కొలిచిన కాలిబ్రేషన్ నివేదిక అడగండి. సర్వీస్ ఎక్కడ చేస్తారు, యంత్రం ఎన్నాళ్లు బయట ఉంటుంది, ఆ రోజుల్లో బదులు యంత్రం ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. విడి పొరలు, ట్యూబులు, కీ-ఫిల్ అడాప్టర్ ధరలు అదే కాగితంలో ఉండాలి.

సెట్ వచ్చిన రోజు జంతువు లేకుండా నడపండి. వేపరైజర్ నాబ్ సున్నా మీద, ప్రవాహం అర లీటరు, మాస్క్ మూతిని వేలితో మూయండి: ఫ్లోమీటర్ గుండు కిందకు దిగాలి. దిగకపోతే ఎక్కడో కారుతోంది, ప్రతి కీలు మీద సబ్బు నురుగు రాసి బుడగలు చూడండి. లాగే ఫ్యాన్ వేసి, మాస్క్ అంచు దగ్గర పలచటి టిష్యూ పేపరు ముక్క పట్టుకుంటే అది కొద్దిగా లోపలికి వంగాలి, అతుక్కుపోకూడదు. పెట్టె శాఖ మూసి మాస్క్ శాఖ తెరిచి, తర్వాత తారుమారు చేసి, గ్యాస్ నిజంగా ఒకవైపే పోతోందో లేదో గొట్టం చివర చెంప దగ్గర పెట్టుకుని చూడండి, వేపరైజర్‌లో ద్రవం పోయడం ఆ తర్వాతే.